సున్నాకు శాలువా

‘స్పామ్ రేటు: 0.0 శాతం.’ ఈ ఒక్క ముక్క స్లైడ్ మీద కనిపిస్తే చాలు, ఈమెయిల్ మార్కెటింగ్ సమీక్షల్లో పండగే. భారీగా మెయిళ్లు పంపేవాళ్ల కోసం గూగుల్ పెట్టిన పోస్ట్‌మాస్టర్ టూల్స్ తెరిచి, గీత నేలకు కరుచుకున్న చోట స్క్రీన్‌షాట్ తీసి, దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, ‘చూశారా సార్, ఒక్కరు కూడా మనల్ని స్పామ్ అనలేదు’ అంటాడు ఏజెన్సీ కుర్రాడు. క్లయింటు తల ఊపుతాడు. అదే నెలలో జీమెయిల్ ఖాతాదారుల నుంచి ఆర్డర్లు ఎందుకు పడిపోయాయని ఎవరైనా అడిగితే, ‘సీజన్ డల్ సార్’ అన్న జవాబు జేబులోనే ఉంటుంది.

ఆ సున్నా ఎలా పుడుతుందో గూగుల్ దాచిందేమీ లేదు. చురుగ్గా మెయిల్ వాడేవాళ్ల ఇన్‌బాక్స్‌లోకి చేరిన మెయిళ్లలో, వాళ్లు స్పామ్ అని నొక్కినవి ఎంత శాతమో, అదే ఆ అంకె. పంపినవాటిలో కాదు, ఇన్‌బాక్స్‌కి చేరినవాటిలో! నేరుగా స్పామ్ ఫోల్డర్‌లో పడ్డ మెయిల్‌ని మళ్లీ స్పామ్ అని ఎవరు నొక్కుతారు? అక్కడ ఉండేది ‘ఇది స్పామ్ కాదు’ అనే బటన్. మెయిళ్లు ఎక్కువగా స్పామ్‌లోకి పోతుంటే ఈ రేటు తక్కువగా కనిపించవచ్చని కూడా గూగుల్ తన సహాయ పత్రంలో రాసిపెట్టింది. స్లైడ్లు చేసేవాళ్లకు అంత దూరం చదివే తీరిక ఏదీ!

ఒక ఊహాలెక్క చూడండి. దసరా ఆఫరు పేరుతో, ఎక్కడో కొన్న పాత లిస్టుకి ఒక దుకాణం రోజుకి లక్ష జీమెయిళ్లు పంపసాగింది. మొదటిరోజు తొంభై వేలు ఇన్‌బాక్స్‌కి చేరాయి. ‘వీళ్లెవరురా బాబూ’ అని 450 మంది స్పామ్ నొక్కారు. రేటు 0.5 శాతం. జీమెయిల్‌కి విషయం అర్థమైంది. వారం తిరిగేసరికి లక్షలో అయిదు వేలే ఇన్‌బాక్స్‌కి వెళ్తున్నాయి, అవీ రోజూ ఆ దుకాణం మెయిళ్లు తెరిచే వీరాభిమానులకి. వాళ్లలో ఇద్దరు నొక్కారు. రేటు 0.04 శాతం. గ్రాఫు జారుడుబల్లలా దిగింది. ‘మన కష్టం ఫలించింది’ అని గ్రూపులో చప్పట్ల బొమ్మలు. తొంభై అయిదు వేల మెయిళ్లు చీకటి కొట్లో పడి ఉన్నాయన్న సంగతి ఆ గ్రాఫులో ఎక్కడా లేదు, ఎందుకంటే అది చెప్పడం దాని పని కాదు.

కొన్ని రోజులకి ఆ గ్రాఫులో అసలు చుక్కే కనిపించదు. మెయిళ్లు మరీ తక్కువైతే, వాడుకదారుల గోప్యత కోసం గూగుల్ ఆ రోజు లెక్క చూపదు. లెక్క లేని రోజుని కూడా ‘ఫిర్యాదుల్లేని రోజు’ ఖాతాలో వేసే ప్రతిభావంతులున్నారు.

2024 ఫిబ్రవరి నుంచి, వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు రోజుకి అయిదు వేలకు పైగా పంపేవాళ్లకి గూగుల్ గట్టి నిబంధనలు పెట్టింది. స్పామ్ రేటు 0.10 శాతం లోపు ఉంచుకోండి, 0.30కి ఎన్నడూ చేరనివ్వకండి అంది. వెంటనే 0.28 దగ్గర కులాసాగా కూర్చుని ‘లిమిట్‌లోనే ఉన్నాం’ అనే జాతి ఒకటి తయారైంది. వెయ్యిమందిలో ముగ్గురు బటన్ నొక్కితే 0.3 వచ్చేస్తుంది. ఆ గీత దాటాక గూగుల్ దగ్గర ఉపశమనం అడిగే అర్హత కూడా ఉండదు, వరసగా ఏడు రోజులు దానికి కిందే ఉండి చూపించాలి.

ఇక ‘డెలివరీ 99.2 శాతం’ అనే రెండో మహత్తర ప్రకటన. అవతలి సర్వర్ 250 అని జవాబిస్తే మెయిల్ తీసుకున్నట్టు. తీసుకుని ఎక్కడ పెట్టిందన్నది దాని ఇష్టం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేతిలో శుభలేఖల కట్ట పెట్టి, అన్ని ఫ్లాట్లవాళ్లూ పెళ్లికి వస్తున్నారని విస్తళ్లు లెక్కేసుకోవడమే ఇది.

ఎంతమంది మెయిల్ తెరిచారో చెప్పే ఓపెన్ రేటు కథ మరీ ముచ్చట. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ఓ గోప్యతా రక్షణ తెచ్చింది. దాన్ని ఆన్ చేసుకున్నవాళ్లు మెయిల్ చదివినా చదవకపోయినా, అందులోని బొమ్మల్ని ఆపిల్ సర్వర్లే ముందుగా దించేసుకుంటాయి. కంటికి కనిపించని ఆ చిన్న ట్రాకింగ్ బొమ్మ కూడా వాటిలో ఉంటుంది కాబట్టి, పంపినవాడి లెక్కలో అది ‘ఓపెన్’. ఆపిల్ యంత్రాలు తెరిచిన ఆ ఉత్తరాల పుణ్యం సబ్జెక్ట్ లైన్‌లో పెట్టిన దీపావళి చిచ్చుబుడ్డి ఎమోజీకి దక్కింది.

పంపేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ పెట్టిన ఎస్ఎన్‌డీఎస్ అనే పరికరం సంగతిని రంగుల్లో చెబుతుంది. ఒక ఐపీ నుంచి వచ్చిన మెయిళ్లలో స్పామ్‌గా తేలినవి పది శాతం లోపైతే ఆకుపచ్చ, తొంభై దాటితే ఎరుపు, మధ్యదంతా పసుపు. అంటే 11 శాతమూ పసుపే, 89 శాతమూ పసుపే. మన ఇళ్లలో పసుపు శుభమే కాబట్టి నివేదికలో ‘పరిస్థితి నిలకడగా ఉంది’ అని రాస్తారు.

ఇంతా చేసి, నిజం తెలుసుకోవడం అంత కష్టమా? పంపినవాడు తన దగ్గరున్న క్లిక్కుల్ని, ఆర్డర్లని జీమెయిల్, యాహూ, ఔట్‌లుక్ అని విడదీసి పక్కపక్కన పెడితే సరిపోతుంది. మిగతా చోట్ల మామూలుగా ఉండి జీమెయిల్ ఒక్కచోటే క్లిక్కులు చచ్చిపోయి, స్పామ్ రేటు మాత్రం సున్నాలో మెరుస్తుంటే, చిరునామా ఏ ఫోల్డరో చెప్పక్కర్లేదు. కానీ ఆ పట్టిక తయారుచేస్తే, కొన్న లిస్టు గురించి కూడా మాట్లాడాల్సి వస్తుంది. అందుకే బాస్ తన సొంత జీమెయిల్ తెరిచి, ‘నాకు ఇన్‌బాక్స్‌లోకే వచ్చిందిగా’ అని తీర్పు చెప్పేస్తారు. సొంత కంపెనీ మెయిల్‌ని రోజూ భక్తిగా తెరిచే మనిషికి రాక ఇంకెవరికి వస్తుంది?

డొమైన్ ప్రతిష్ఠని చూపే ఆకుపచ్చ పట్టీలు పోస్ట్‌మాస్టర్ కొత్త రూపంలో లేవు. స్లైడ్లో ఖాళీ వచ్చిందని ఏజెన్సీలు దిగులుపడ్డాయి గానీ, ఆ దిగులు ఎన్నాళ్లో నిలవలేదు. నిబంధనల పాటింపుని చూపే పట్టిక ఒకటి ఉంది కదా! మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్, ఆపైన ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్, అన్నిటి పక్కనా టిక్కులు. డొమైన్ కొనుక్కున్న ఏ స్పామరైనా ఓ మధ్యాహ్నం కూర్చుని వాటిలో చాలావరకు సంపాదించుకోగలడు. కొత్త స్లైడ్‌కి శీర్షిక కూడా పెట్టేశారు: ‘గూగుల్ సర్టిఫైడ్.’