రాత్రి డ్యూటీ ల్యాప్‌టాప్ ఆత్మకథ

ఈ ఆత్మకథ చెబుతున్న ల్యాప్‌టాప్ పుట్టింది 2012లో. పన్నెండున్నర అంగుళాల తెర, లాగితే ఊడి వచ్చే బ్యాటరీ, రెండు యూఎస్‌బీ 3.0 పోర్టులు, ఒక 2.0 పోర్టు. కొన్నేళ్లు ఆఫీసు చాకిరీ చేసి, చివరికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ దుకాణానికి చేరింది. ఫిజిక్స్ లెక్చరర్ ఒకావిడ దాన్ని చూసింది అక్కడే.

"గేమింగ్‌ది తీసుకోండి మేడం, ఎంత పని పెట్టినా హ్యాంగ్ అవదు" అన్నాడు కుర్రాడు, పక్కనున్న కొత్త మెషీన్ చూపిస్తూ.

మేడం దాని అడాప్టర్ తిరగేసి వాట్లు చదివారు. 200 పైనే ఉంది. "ఊరి బయట పొలంలో టెలిస్కోప్ పక్కన రాత్రంతా 12 వోల్టుల బ్యాటరీ మీద నడవాలి బాబూ. మౌంటు, కెమెరా కూలింగ్, మంచు పట్టకుండా చూసే డ్యూ హీటర్లు, అన్నిటికీ అదే కరెంటు." ఈ ల్యాప్‌టాప్ అడాప్టర్ 65 వాట్లది. బేరం కుదిరింది.

టెలిస్కోప్ పక్కన కంప్యూటర్ చేసే పని జనం ఊహించుకునేంత బరువైనది కాదు. భూమి తిరగడం వల్ల ఆకాశంలో నక్షత్రం సెకనుకు సుమారు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. టెలిస్కోప్‌ను మోసే మౌంటు దాని వెంట తిరుగుతుంది, కానీ గేర్లలో చిన్న చిన్న లోపాలుంటాయి. పీహెచ్‌డీ2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గైడ్ కెమెరాతో రెండు మూడు సెకన్లకోసారి నక్షత్రాలను చూసి, అవి పక్కకు జరిగితే మౌంటును సరిదిద్దుతుంది. నీనా అనే మరో ఉచిత ప్రోగ్రాం కెమెరాను, ఫోకసర్‌ను, ఫిల్టర్ వీల్‌ను నడుపుతుంది. ఈ పరికరాలన్నీ ఒకే పద్ధతిలో మాట్లాడుకునేలా చేసే యాస్కామ్ ప్రమాణం 1990ల చివర్లోనే వచ్చింది. 26 మెగాపిక్సెల్ కెమెరాతో ఓరియన్ నెబ్యులాను ఐదేసి నిమిషాల ఎక్స్‌పోజర్లతో తీస్తే ఒక్కో ఫైలు 52 ఎంబీ. గంటకు పన్నెండు ఫైళ్లు. పాత ప్రాసెసర్ ఇందుకు ఏమాత్రం అలసిపోదు.

గురుగ్రహం సంగతి వేరు. అది పది గంటలలోపే తన చుట్టూ తాను తిరిగేస్తుంది కాబట్టి ఎక్కువసేపు తీస్తే మేఘాల పట్టీలు అలికేసినట్టు వస్తాయి. అందుకే రెండు మూడు నిమిషాల వీడియో తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో పడ్డ ఫ్రేములను ఏరుతారు. 640×480 సైజులో సెకనుకు 200 ఫ్రేములంటే సెకనుకు 61 ఎంబీ. యూఎస్‌బీ 2.0 కాగితం మీద కూడా 60 ఎంబీ దాటదు. ఆ రోజు దుకాణంలో మేడం ముందుగా చూసింది ప్రాసెసర్‌ను కాదు, 3.0 పోర్టులను. ఆమె ఎంపిక సరైనదని ఈ ల్యాప్‌టాప్ గట్టిగా నమ్ముతుంది.

పరికరాలు ఐదు, పోర్టులు మూడు. ప్రధాన కెమెరా నేరుగా 3.0కి, మిగతావి విడిగా కరెంటు అందే హబ్‌కు. 3.0 కేబుల్ మూడు మీటర్లు మించితే కనెక్షన్ తెగే ప్రమాదం పెరుగుతుంది. విండోస్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనే సెట్టింగ్‌ను ఆపేయాలి. లేదంటే కరెంటు ఆదా పేరుతో అర్ధరాత్రి మౌంటు కనెక్షన్ పోవచ్చు.

లడఖ్‌లోని హాన్లే ప్రయాణానికి ముందు మేడం ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ వేయించారు. హార్డ్ డిస్కులో చదివే హెడ్ పల్చటి గాలి పొర మీద తేలుతుంది. అందుకే మామూలు డిస్కులు 3,000 మీటర్ల ఎత్తు వరకే పనికొస్తాయని తయారీదారులు రాస్తారు. హాన్లే అబ్జర్వేటరీ ఉన్నది 4,500 మీటర్ల ఎత్తున. అక్కడి రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను శాస్త్రవేత్తలు బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహ లింకుతో నడుపుతారు. ఈ ల్యాప్‌టాప్‌కు మాత్రం చలిలో కాపలా తప్పలేదు. లిథియం బ్యాటరీ చలికి నీరసిస్తుంది కనుక మేడం ల్యాప్‌టాప్‌ను థర్మాకోల్ పెట్టెలో పెట్టి, ఫ్యాన్ వైపు ఖాళీ వదిలారు. తెర మీద ఎర్ర ఫిల్మ్ అంటించారు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి సుమారు అరగంట పడుతుంది, ఒక్క తెల్లటి వెలుగు చాలు ఆ అలవాటు పోవడానికి.

ఫోటోలను పేర్చి రంగులు తేల్చడానికి ర్యామ్, వేగం కావాలి. ఆ పని ఇంట్లో డెస్క్‌టాప్‌ది.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ఆగింది. విండోస్ 11 జాబితాలో ఈ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ లేదు. అలాగని తూకానికి వేయలేదు. ఇప్పుడిది లైనక్స్ మీద కేస్టార్స్, ఎకోస్ ప్రోగ్రాంలతో, ఇండీ డ్రైవర్లతో అదే మౌంటును, అదే కెమెరాను నడుపుతోంది.

మీరూ కొనబోతుంటే ముందు మీ పరికరాల కేబుళ్లు లెక్కపెట్టండి. ల్యాప్‌టాప్ తెచ్చాక అన్నీ తగిలించి, ఛార్జర్ తీసేసి, పగలు ఇంట్లోనే రెండు గంటలు నడిపి చూడండి. ఒక్క కనెక్షన్ తెగినా తిరిగి ఇచ్చేలా దుకాణంవాడితో ముందే మాట్లాడుకోండి.