బీటా వచ్చింది, వాల్‌పేపర్ అదిరింది

ఏటా రెండుసార్లు, ఏప్రిల్‌కీ అక్టోబరుకీ కాస్త ముందు, లైనక్స్ లోకంలో ఓ సంబరం జరుగుతుంది. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ బీటా, అంటే పరీక్షకు పెట్టే ప్రతి, విడుదలవుతుంది. ఆ సాయంత్రానికల్లా యూట్యూబ్‌లో వీడియోలు దిగిపోతాయి: ‘పిచ్చెక్కించే పది కొత్త ఫీచర్లు’, ‘ఇక విండోస్ పని అయిపోయినట్టే’. పదింటిలో మొదటిది వాల్‌పేపర్. రెండోది కూడా వాల్‌పేపరే, కాకపోతే డార్క్ మోడ్‌ది. మూడోది మూలలు ఇంకాస్త గుండ్రబడిన ఐకాన్లు.

విండోస్ పని 2004 నుంచీ ఇలాగే అయిపోతూ వస్తోంది. ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ ఆ ఏడాది ఆగస్టులో, మార్కెట్లో మైక్రోసాఫ్ట్ ఆధిపత్యాన్నే ‘ఒకటో నంబరు బగ్’గా నమోదు చేశారు. 2013 మేలో ఆయనే దాన్ని మూసేశారు. ఆ బగ్‌ను తీర్చింది ఉబుంటు కాదు, జనం చేతుల్లోకి వచ్చిన ఫోన్లూ టాబ్లెట్లూ.

ఇంతకీ బీటా ఎందుకు? తప్పులు పట్టుకోవడానికి. రోజూ పని చేసుకునే కంప్యూటర్లో దీన్ని వేసుకోవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. కానీ ఆచరణలో అది హైదరాబాద్‌లో జరిగే సినిమా ప్రీ రిలీజ్ ఈవెంట్ అయి కూర్చుంది. వేదికెక్కిన ప్రతివాడూ బ్లాక్‌బస్టర్ అంటాడు, బొమ్మ మాత్రం ఎవడూ చూసి ఉండడు. సమీక్షకుడు బీటాను వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఉత్తుత్తి కంప్యూటర్లో, ఎక్కిస్తాడు, ఓ ఇరవై నిమిషాలు మెనూలు తెరిచి మూస్తాడు, ‘చాలా స్మూత్‌గా ఉంది’ అని తీర్పు చెప్పి డిలీట్ కొడతాడు. మూత వేసిన ల్యాప్‌టాప్ మళ్లీ మేల్కొంటుందా, పాత ప్రింటర్ కదులుతుందా, వైఫై నిలబడుతుందా అన్నవి ఆ ఇరవై నిమిషాల్లోకి రావు. వర్చువల్ మెషీన్‌కు మూతా లేదు, ప్రింటరూ లేదు.

అసలు యంత్రం మీద చూడకపోతే ఏమవుతుందో ఉబుంటు 17.10 చూపించింది. దాన్ని వేసుకున్న కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయోస్ సెట్టింగులు సేవ్ కాకుండా పోయాయి. కెర్నల్‌లో తెరిచి ఉంచిన ఒక ఇంటెల్ డ్రైవర్ బయోస్ చిప్ జోలికి వెళ్లడం వల్ల జరిగిన పని అది. ఉబుంటును తీసేసి వేరేది వేసుకున్నంత మాత్రాన పోయే తెగులు కాదు. 2017 డిసెంబరులో ఉబుంటును తయారుచేసే కానానికల్ సంస్థ డౌన్‌లోడ్ లింకును వెనక్కి తీసుకుంది, 2018 జనవరిలో సరిచేసిన ప్రతిని పెట్టింది. ఈ తప్పు వర్చువల్ మెషీన్‌లో వెయ్యిసార్లు వెతికినా దొరికేది కాదు.

తప్పంతా సమీక్షకులదే అనుకుంటే అన్యాయం. పరీక్ష పెట్టేవారికి కూడా జవాబులు వినే ఓపిక అంతంత మాత్రమే. 2010 మార్చిలో, 10.04 ఇంకా పరీక్షల్లో ఉండగా, విండోను మూసే, పెంచే, దించే బొత్తాలు రాత్రికి రాత్రి కుడి నుంచి ఎడమకు మారాయి. ఏళ్ల తరబడి కుడి మూలకు అలవాటుపడ్డ చేతులు గగ్గోలు పెట్టాయి. బగ్ నమోదైంది, దాని కింద వ్యాఖ్యలు కుప్పలుగా పడ్డాయి. డిజైన్ నిర్ణయాలకు ఓట్లు ఉండవనీ, ఇది ప్రజాస్వామ్యం కాదనీ షటిల్‌వర్త్ తేల్చేశారు. బొత్తాలు ఎడమవైపే ఉండిపోయాయి. 2017 అక్టోబరులో, యూనిటీ డెస్క్‌టాప్‌ను వదిలి గ్నోమ్‌కు మారినప్పుడు, అవి మళ్లీ కుడివైపుకు వచ్చాయి. ఎడమకు వెళ్లినప్పుడూ అది కొత్త ఫీచరే, కుడికి తిరిగొచ్చినప్పుడూ కొత్త ఫీచరే. ఒకే బొత్తాలతో రెండు విడుదలల సమీక్షలు గడిచిపోయాయి.

2012లో జరిగింది ఇంకా ముచ్చటైనది. కొత్తవి చేర్చే గడువు దాటాక, తుది విడుదలకు నెల కూడా లేని రోజుల్లో, 12.10లో అమెజాన్ దుకాణం వెలిసింది. వాడేవాడు తన కంప్యూటర్లో తన ఫైలు కోసం వెతికితే, కొట్టిన అక్షరాలు కానానికల్ సర్వర్‌కు వెళ్లి, అమ్మకానికున్న సరుకుల జాబితాను వెంటబెట్టుకుని తిరిగొచ్చేవి. డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ తప్పుపట్టింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్మన్ అయితే దాన్ని నేరుగా గూఢచారి సాఫ్ట్‌వేర్ అన్నారు. ఆపేసే మీట ఇచ్చారు గానీ, ఎవరూ అడక్కుండానే ఆఫ్‌లో ఉండే స్థితికి ఆ దుకాణం చేరింది 2016లో వచ్చిన 16.04లో. ఫిర్యాదు విన్నారు, నాలుగేళ్లు పట్టిందంతే.

ఇక 2025 అక్టోబరు నాటి 25.10. ఉబుంటు విడుదలలన్నిటికీ ఒక విశేషణం, ఒక జంతువు కలిపి పేరు పెడతారు. ఈసారి వంతు క్వోకాది. పొట్టకు సంచి, మొహాన చెరగని నవ్వు ఉన్న ఆస్ట్రేలియా జంతువు. సమీక్షలు ఆ నవ్వు దగ్గరే ఆగిపోయాయి గానీ, అసలు మార్పు లోపల జరిగింది. దశాబ్దాలుగా వాడుతున్న గ్నూ ఆదేశాల స్థానంలో రస్ట్ భాషలో తిరిగి రాసినవి పెట్టారు. మెమరీ తప్పులకు తావు తక్కువని రస్ట్‌కు పేరు, ఆ కారణం కొట్టిపారేసేది కాదు. కానీ పాతవాటిలో అరుదైన చిన్నచిన్న ఆప్షన్లు ఎన్నో ఉంటాయి, ఎక్కడో ఒక స్క్రిప్టు వాటిలో ఒకదాన్ని నమ్ముకుని బతుకుతూ ఉంటుంది.

అదే జరిగింది. ‘డేట్’ ఆదేశానికి ‘ఆర్’ ఆప్షన్ తగిలించి ఒక ఫైలు పేరిస్తే, ఆ ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పాలి. కొత్త ‘డేట్’ మాత్రం ఇప్పుడు టైమెంతో చెప్పింది. అప్‌డేట్లు చివరిసారి ఎప్పుడు చూశామని ఆటోమేటిక్ అప్‌డేట్ల యంత్రాంగం అడిగితే ‘ఇప్పుడే’ అని జవాబొచ్చింది. ఇప్పుడే చూశాం కదా అని అది హాయిగా పడుకుంది. భద్రత పెంచడానికి తెచ్చిన మార్పు భద్రతా అప్‌డేట్లనే ఆపేసింది. బీటా దాటి, తుది విడుదల దాటి, జనం కంప్యూటర్లలోకి చేరాక గానీ ఇది బయటపడలేదు. ఒక ఆదేశం, ఒక ఆప్షన్, ఒక ఫైలు పేరు: ఇరవై నిమిషాల వీడియోలో పది సెకన్లు పట్టే పరీక్ష.

పట్టుకుని రాసినవాళ్లకు దక్కే మర్యాద కూడా చూడాలి. ఉబుంటు ఫిర్యాదులు రాసే లాంచ్‌ప్యాడ్‌లో నమోదైన బగ్‌కు ‘ఇన్‌కంప్లీట్’ ముద్ర పడితే, అరవై రోజులు ఎవరూ కదిలించకపోతే చాలు, దానంతటదే కాలం చెల్లిపోతుంది. తప్పు ఉన్నచోటే ఉంటుంది, ఫిర్యాదు మాత్రం తీరిపోతుంది. లెక్కల్లో ఇంతకంటే శుభ్రమైన మరమ్మతు ఉండదు.

నిజంగా పరీక్షించడమంటే ఏమిటో 2024 మార్చి 29న తెలిసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఉబుంటుకు ఆధారమైన డెబియన్ ‘అన్‌స్టేబుల్’ శాఖ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పనితీరు కొలుస్తున్నారు. ఆ శాఖ పేరు సిడ్, ‘టాయ్ స్టోరీ’ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే కుర్రాడి పేరు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఆయన గమనించారు. ఎవరైనా సర్దుకుపోయే ఆలస్యమే. ఆయన సర్దుకుపోకుండా తీగ లాగితే, ‘ఎక్స్‌జెడ్’ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడింది. ఉబుంటు 24.04 బీటా వారం వాయిదా పడింది, అనుమానపు కాలంలో తయారైన ప్యాకేజీలన్నిటినీ మళ్లీ మొదటినుంచీ తయారు చేశారు. లైనక్స్ ప్రపంచాన్ని కాపాడిన ఆ పెద్దమనిషి ఉద్యోగం చేసేది మైక్రోసాఫ్ట్‌లో.

బీటాలో పరీక్షించాల్సినవాటిలో తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. వాటి తంటా తెలుగువాళ్లకు కొత్తది కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక పద్ధతిలో కూర్చి పంపిస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ అప్పటికే పరీక్షిస్తున్న ఐఓఎస్ 11.3 బీటాలో ఆ తెగులు లేదు, జనానికి మందు మాత్రం 11.2.6 రూపంలో విడిగా ఇవ్వాల్సి వచ్చింది. అది తలుపులు మూసిన కంపెనీ. ఉబుంటు, ఫెడోరా, డెబియన్‌ల తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. అయినా తెలుగులో వీడియోలు చేసే సమీక్షకులు సైతం బీటాను ఇంగ్లీషులోనే వేసి ఇంగ్లీషులోనే మెచ్చుకుంటారు. 25.10లో టెర్మినల్ మారింది, కొత్తదాని పేరు టిక్సిస్. ఆ పేరెలా పలకాలన్న చర్చ బోలెడంత నడిచింది. అందులో ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ అని కొడితే ఒత్తులు వాటి చోట పడుతున్నాయా, కర్సర్ అక్షరం మధ్యలో ఇరుక్కుంటోందా అని చూడటానికి మాత్రం ఎవరికీ తీరిక చిక్కదు. తేడా కనిపిస్తే ‘ఉబుంటు-బగ్’ అని కొట్టి ప్యాకేజీ పేరిస్తే చాలు, ఫిర్యాదు పేజీ దానంతటదే తెరుచుకుంటుంది. దానికి థంబ్‌నెయిల్ కూడా అక్కర్లేదు.