నిద్ర నటించే పక్షపాతం

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ఏడాదికోసారి ఓ తంతు జరుగుతుంది. పేరు 'అన్‌కాన్షస్ బయాస్' శిక్షణ, అంటే తెలియకుండానే చూపే పక్షపాతం మీద పాఠం. వీడియో మ్యూట్‌లో నడుస్తుంటుంది. ఉద్యోగి పక్క విండోలో బగ్గులు ఏరుతుంటాడు. చివర్లో క్విజ్. జవాబులు పక్క సీటతను చెబుతాడు. సర్టిఫికెట్ వచ్చేస్తుంది. సాయంత్రానికి కంపెనీ పాపాలన్నీ కడిగేసుకుంది! లింక్డిన్‌లో హెచ్ఆర్ వారి పోస్టు, దాని కింద చప్పట్లు.

మర్నాడు టీమ్‌లోకి కొత్త కుర్రాడొస్తాడు. లీడ్ గారి మొదటి ప్రశ్న జావా గురించి కాదు. "ఏ ఊరు తమ్ముడూ?" రెండోది, "ఇంటిపేరేంటి?" అప్పటికీ తేలకపోతే మూడోది: "ఫలానావాళ్లు మీకేమవుతారు?" ఇంత పద్ధతిగా సాగే ఆరా తెలియక చేస్తున్నదా? నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు, నిద్ర నటించేవాణ్ణి ఎవరు లేపగలరు?

కుర్రాడికి విషయం అర్థమవుతుంది. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకుంటాడు. పాలమూరు యాసను నాలుక కిందే నొక్కేస్తాడు. రోజువారీ స్టాండప్ మీటింగ్‌లో నిన్న ఏం చేశాడో చెబుతాడు. తానెవరో మాత్రం చెప్పడు. అతని వెనక గోడ మీద పోస్టరు: 'మీరు మీలాగే రండి'. వస్తే ఏమవుతుందో అతికించినవారికి తెలియదా?

ఇక అమ్మాయిల సంగతి. మీటింగ్ నోట్స్ ఎవరు రాయాలి? ఆమే. పుట్టినరోజు కేకు ఎవరు తేవాలి? ఆమే. అర్ధరాత్రి రిలీజ్ ఉంటే మాత్రం "పాపం, ఇంట్లో చంటిపిల్ల" అంటూ ఆమెను అడక్కుండానే పక్కన పెడతారు. ఎంత దయ! అప్రైజల్ నాటికి అదే నోటితో "పెద్ద రిలీజులు చేసిన అనుభవం లేదు" అని రేటింగ్ కోసేస్తారు. 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. చట్టం ఇచ్చినదాన్ని మేనేజరు రేటింగులో వసూలు చేసుకుంటాడు.

"మాది మెరిట్ అండీ, కోడ్‌కి కులం, ఆడామగా ఉండవు" అంటారు. కోడ్‌కి లేవు, నిజమే. దాన్ని రివ్యూ చేసే కళ్లకో? కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో లక్షల మంది పంపిన పుల్ రిక్వెస్టులపై, అంటే 'నా కోడ్ కలుపుకోండి' అన్న విన్నపాలపై, 2017లో ఒక పరిశోధన వెలువడింది. మొత్తమ్మీద ఆడవాళ్ల కోడ్‌కే ఎక్కువ ఆమోదం దక్కింది. అయితే ప్రాజెక్టుకు కొత్తవాళ్లయి, ప్రొఫైల్ చూడగానే ఆడమనిషని తెలిసిపోతే లెక్క తిరగబడింది. మగవాళ్ల కన్నా వెనకబడ్డారు. మెరిట్ గారు ఆ పూట సెలవు పెట్టారా?

యంత్రం కళ్లూ అంతే. అమెజాన్ సంస్థ రెజ్యూమేలు ఏరడానికి ఓ యంత్రాన్ని తయారుచేస్తే అది ఆడవాళ్లను కిందికి నెట్టిందని 2018లో బయటపడింది. పథకాన్ని అటకెక్కించారు. యంత్రానికి స్పృహ లేదు, ఒప్పుకుందాం. దానికి పాఠం నేర్పింది పదేళ్లపాటు కంపెనీకొచ్చిన రెజ్యూమేలే కదా?

సముద్రం దాటితే అన్నీ పోతాయనుకున్నాం. అమెరికా హెచ్-1బీ వీసా లాటరీ తగలనివాళ్లు ఇక్కడే ఉండిపోయారు గానీ, కులం ఎప్పుడో విమానమెక్కేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించాల్సి వచ్చింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ అలాంటి బిల్లునే ఆమోదిస్తే, ఉన్న చట్టాలు చాలంటూ గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. చాలితే సియాటిల్‌కు ఆ అవసరం ఎందుకొచ్చినట్టు?

అసలు విడ్డూరం వేరే ఉంది. ఈ కంపెనీలు కొలవనిదంటూ ఉందా? సర్వర్ కాస్త నెమ్మదిస్తే అర్ధరాత్రి అలారం మోగుతుంది. ఉద్యోగి ఎప్పుడు గేటు దాటాడో, ఎంతసేపు కీబోర్డు ముట్టుకోలేదో నివేదిక తయారు. ప్రమోషన్లు ఎవరెవరికి దక్కాయి, ఎవరి కోడ్ ఎన్నిరోజులు రివ్యూకి నోచుకోలేదు అని అడగండి. "అలాంటి డేటా మెయింటైన్ చేయం సార్." తెలియకపోవడం వేరు, తెలియకుండా జాగ్రత్తపడటం వేరు.

వచ్చే ఏడాది వీడియో వద్దు. పేర్లు దాచి కోడ్ రివ్యూ చేయించండి. రేటింగ్ తగ్గిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి. ప్రమోషన్ల లెక్కలు బయటపెట్టండి. క్విజ్ ఈసారి మేం పెడతాం.