కలము నడుమ మీట

టాబ్లెట్టుతో కూడ వచ్చు కలమునకు నడుమ, చూపుడువ్రేలికి సరిగా అందునట్లు, గోరంత మీట యొకటి యుండును. అది యేమి చేయవలయునో నిర్ణయించు సర్వాధికారమును నిర్మాతలు కొన్నవారికే దయచేసినారు. ఇంతటి స్వాతంత్ర్యమును మోయగల భుజములు మా యింట నొక్కరికిని లేవని వారికేమి తెలియును?

సెట్టింగులు తెరచిన మాత్రమున రైట్ క్లిక్, డబుల్ క్లిక్, అండూ, స్క్రోల్, రబ్బరు అని పెద్ద జాబితా ప్రత్యక్షమగును. నేను ప్రూఫులు దిద్దువాడను గనుక, గీచిన గీత నచ్చకున్న తుడుచుటకై మీటను రబ్బరుగా నియమించితిని. బొమ్మలు వేయు మనుమరాలు దానిని అండూ గావించినది. లెక్కలు చేయు మనుమడు పేజీ జరుపుటకు నియోగించినాడు. ఒకనాడు నేనొక దీర్ఘముపై పడిన గీతను తుడువబోవ, పేజీ పేజీయే జాఱిపోయి, నా కలము గ్రంథకర్తగారి కృతజ్ఞతలపై వచ్చి నిలిచినది. (ఆ పుట సాంతము తుడిచిపెట్టినను గ్రంథమునకు నష్టము లేదని నా యంతరంగము.)

మీటను నిందించి ఫలము లేదు. జపానుకు చెందిన వాకమ్ సంస్థ కలములు పెక్కింటియందు బ్యాటరీయే యుండదు. పలక వెలువరించు విద్యుదయస్కాంత క్షేత్రమునుండి కలములోని తీగచుట్ట శక్తిని గ్రహించి, తిరిగి దానికే సంకేతము పంపును. మీట నొక్కినచో ఆ సంకేతము ఇంచుక మారును, అంతే. “నన్ను నొక్కిరి” అనుటకంటె అధికముగా దానికేమియు తెలియదు; తుడుచుటయో, జరుపుటయో, తక్కినదంతయు సాఫ్ట్‌వేరు చెప్పు భాష్యము. మా చిన్నతనమున మా తాతగారు పడకకుర్చీలో ఒక్కమారు దగ్గినచో, అమ్మ కాఫీ యనుకొని వంటింటికిని, నాన్న పత్రిక యనుకొని వీధి యరుగుమీదికిని పరుగెత్తుటయు, మేము కిక్కురుమనక రేడియో కట్టివేయుటయు నిట్టిదే. ఆయన కేవలము దగ్గెను.

మీటయే లేకున్న పీడ వదలునని తలంచువారికి, 2015లో వచ్చిన ఆపిల్ పెన్సిల్ ఊరట గూర్చియుండును. కాని 2018 నాటి రెండవ తరముతో దానిని రెండుమార్లు తట్టుట వచ్చెను, 2024లో ప్రో అను దానితో పిండుట వచ్చెను. తట్టిన నేమగును, పిండిన నేమగును అను సెట్టింగులును వెంటనే వచ్చెను.

తుదకు మా జాబితాలో ‘డిసేబుల్’ అను పదము నా కంటబడినది. అనగా, ఎంత నొక్కినను మీట పలుకదు. సకలవిధములైన ఐచ్ఛికములలోను ఇంతటి విజ్ఞత గలది మఱొకటి లేదని నిశ్చయించి, దానినే యెంచుకొని, ఆ పూట నలువది పుటలు నిరాటంకముగా దిద్దితిని. సాయంకాలము మనుమరాలు కలమును తలక్రిందులు చేసి పరీక్షించుచు వచ్చి, “తాతయ్యా, దీని వెనకాల రబ్బరుంది చూశావా? దానికీ సెట్టింగ్స్ ఉన్నాయి. అన్నయ్య అప్పుడే మార్చేశాడు!” అనెను.