బోనులోకి సగం మాట

2024 గాంధీ జయంతి నాడు ఒక నటి విడాకులపై వదిలిన మాటను తెలంగాణ అటవీ శాఖ మంత్రి కొండా సురేఖ గారు మర్నాటికల్లా బేషరతుగా ఉపసంహరించుకున్నారు. ఏ మాటో మీకు తెలుసు, నేను మళ్లీ రాయను. ఎవరి గురించి అన్నారో ఆమె పేరూ రాయను. ఆ పేరుతో ఆ వారం కడుపు నింపుకున్నవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు.

నాకు తెలియాల్సిందల్లా ఒకటే. ఈ ఉపసంహరణ క్షేత్రస్థాయిలో ఎంతవరకు వచ్చింది?

వేరే శాఖ మంత్రి అయితే నమ్మేవాణ్ణి కాదు. అటవీ శాఖకు ఆ పనితనం ఉంది. ఆ ఏడాది వేసవిలో శంషాబాద్ విమానాశ్రయంలోకి చిరుత దూరితే బోన్లు పెట్టి, ట్రాప్ కెమెరాలు బిగించి, మేకను ఎర వేసి పట్టుకున్నారా లేదా? గోడ దూకిన చిరుతనే తెచ్చినవాళ్లకు నోరు దాటిన మాట ఒక లెక్కా? కాబట్టి ఈపాటికి రేంజర్ గారి బల్ల మీద నివేదిక వచ్చే ఉండాలి.

బుధవారం సాయంత్రం మాట ఫిల్మ్‌నగర్ వైపు వెళ్లినట్టు పాదముద్రలు దొరికాయి. రాత్రికి అమీర్‌పేట హాస్టళ్లలో అలికిడి. అర్ధరాత్రి కోదాడ దాటిందని తెలిసి ఆంధ్ర అటవీ శాఖకు లేఖ రాశారు. తెల్లారేసరికి న్యూజెర్సీలోనూ డల్లాస్‌లోనూ ఒకేసారి కనబడింది. ఒక జంతువు రెండుచోట్ల ఎలా ఉంటుందయ్యా అని డీఎఫ్‌వో గారు బీట్ ఆఫీసర్ మీద మండిపడ్డారు. అప్పటికి గానీ తేలలేదు, అది పిల్లలు పెట్టేసిందని. చిరుతకైతే మూడు నెలలు పడుతుంది. దీనికి గంట చాలు. ఒక్క కాన్పులో ఓ నలభై థంబ్‌నెయిళ్లు, ఎర్ర బాణం గుర్తుతో సహా.

ఎర దగ్గర ఇంకో చిక్కొచ్చింది. మాట మేకకు రాదు కదా, ఛానెళ్ల మైకులు ఓ ఇరవై కట్టి బోనులో వేలాడదీశారు. మాట రాలేదు. ఇద్దరు ఎమ్మెల్యేలు, ఒక మాజీ మంత్రి, ముగ్గురు అధికార ప్రతినిధులు వచ్చి పడ్డారు. తలుపు తీసి వెళ్లిపొమ్మంటే ‘ఇంకో ప్రశ్న అడగండి’ అంటూ మొరాయించారు.

పోనీ మత్తు సూది వేద్దామా అంటే, డోసు ఒంటి బరువును బట్టి లెక్కేయాలట. మాట బరువెంత అని పశువైద్యుడు అడిగాడు. అన్నచోట బరువేమీ లేదు సార్, తగిలినచోట తూచాలి అన్నాడు బీట్ ఆఫీసర్. సస్పెన్షన్‌లో ఉన్నట్టున్నాడు పాపం.

ఇంతలో పైనుంచి సవరణ వచ్చింది. ఉపసంహరణ ఆ నటికి సంబంధించినంత వరకేనట, బీఆర్‌ఎస్ నేత కేటీఆర్ విషయంలో తగ్గేది లేదట. మంత్రి గారే చెప్పారు. అన్నది ఒకటే మాట, ఇద్దర్నీ కలిపి కుట్టింది. తల బోనులో ఉండాలి, తోక బయట ఉండాలి అంటే తలుపు ఎక్కడ పడుతుంది? నడుం మీద పడుతుంది. ఆ నడుం ఎవరిదో చెప్పక్కర్లేదు.

పులి ఆవును చంపితే పంచనామా చేసి రైతుకు పరిహారం ఇచ్చేది ఈ శాఖే. ఇక్కడ పంచనామా ఎవరు రాస్తారు? 2021 అక్టోబర్ 2న ఆ నటి, ఆమె భర్త విడిపోతున్నామని తామే ప్రకటించుకున్నారు. సరిగ్గా మూడేళ్లకు, అదే తేదీన, ఒక మంత్రి దాన్ని మైకుల ముందు కెలికారు. పైగా మనస్తాపానికి గురైతేనే వెనక్కి తీసుకుంటారట. గురైతే!

వెటకారం ఇక నావల్ల కాదు. కేటీఆర్‌ను నిలదీయాలంటే మేడిగడ్డ బ్యారేజీలో కుంగిన పియర్లున్నాయి. ధరణి భూముల పోర్టల్ గొడవ ఉంది, ఫోన్ ట్యాపింగ్ కేసు ఉంది. పదేళ్ల పాలన అంతా ఎదురుగా పరిచి ఉంటే, ఏరి ఏరి అందుకున్నది వాటితో ఏ సంబంధమూ లేని ఒక ఆడమనిషి విడాకులు. ఆ నొప్పి మంత్రి గారికి తెలియదా అంటే, అదీ కాదు. కొద్దిరోజుల కిందటే ఒక ఎంపీ తన మెడలో నూలు దండ వేసిన ఫొటోను సోషల్ మీడియాలో నీచంగా తిప్పారని కన్నీళ్లు పెట్టుకున్నారు. తిప్పినవాళ్లు సిగ్గులేని మనుషులు, ఆమె ఏడుపులో తప్పేమీ లేదు. ఆ కన్నీళ్లు ఆరకముందే అదే బురద ఇంకో మహిళ మీద చల్లడానికి నోరెలా వచ్చింది? భావోద్వేగంలో అనేశారట. మంత్రికి భావోద్వేగం వస్తే ఊళ్లో ఆడవాళ్లు తలుపులేసుకోవాలా?

ఆ నటి మాజీ మామ నాగార్జున నాంపల్లి కోర్టుకెక్కారు, కేటీఆర్ నోటీసు పంపారు. మగవాళ్ల పరువు సంగతి కోర్టులు చూసుకుంటాయి. నా విడాకులు నా సొంత విషయం, రాజకీయాల్లోకి నా పేరు లాగొద్దు అని ఆమె ఎంతో మర్యాదగా అడిగింది. ఇక ఇక్కడితో ముగించండి అన్నారు కాంగ్రెస్ పెద్దలు. ఎవరితో అన్నారండీ ఆ మాట? మొదలుపెట్టింది ఆమె కాదు కదా!