నవ్వుల పెట్టెకు ఓటుహక్కు

ఒకే ఇల్లు, అవే నాలుగైదు పాత్రలు, వారానికో చిక్కు, అరగంట తిరిగేసరికి ఆ చిక్కు విడిపోయి అందరూ మళ్లీ అదే సోఫాలో చేరడం అనే పద్ధతిలో సాగే హాస్య ధారావాహికను సిట్‌కామ్ అంటారు. ‘అమృతం’ పుణ్యమా అని తెలుగువారికి ఇది కొత్త కాదు గాని, 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో నవ్వించిన ఆ కథలో నాయకుడు నడిపింది హోటలే తప్ప రాష్ట్రం కాదు. అమెరికావారు ఆ ముచ్చట కూడా తీర్చుకున్నారు. ఒబామాకు ప్రసంగాలు రాసిపెట్టిన జాన్ లోవెట్ మరో ఇద్దరితో కలిసి సృష్టించిన ‘1600 పెన్’ 2012 డిసెంబరులో ఎన్‌బీసీ ఛానల్‌లో మొదలైంది. అందులో దేశాధ్యక్షుడు, ఆయన రెండో భార్య, ఎక్కడ చెయ్యి పెట్టినా కొంప ముంచే పెద్దకొడుకు, పెళ్లికాకుండానే గర్భవతి అయిన కూతురు ఉంటారు. ఏలేవాడి ఇంట్లోనూ మన ఇంట్లో గొడవలే ఉంటాయి కాబట్టి ఏలేవాడూ మనవాడే అన్నది దాని వాదన. 13 భాగాలకే అక్కడి ప్రేక్షకులు విసిగిపోగా 2013లో ఛానల్ దాన్ని ఆపేసింది.

తెలుగు ఛానళ్లు ఇలాంటిది ఎందుకు తీయలేదంటే, మన ప్రేక్షకులు రాజకీయాన్ని వినోదంగా చూడరన్న సమాధానం ఒకటి చలామణిలో ఉంది. ఇది వట్టి వినయం. రోజూ వార్తల పేరుతో తీస్తున్నదాన్ని నటులకు డబ్బిచ్చి మళ్లీ తీయడం దండగ అన్నది అసలు సంగతి. 2001లో టీఆర్ఎస్‌గా పుట్టి 2022లో బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న పార్టీనే చూస్తే, అధ్యక్షుడు కేసీఆర్ తెలంగాణ ముఖ్యమంత్రిగా, కుమారుడు కేటీఆర్, మేనల్లుడు హరీశ్‌రావు మంత్రులుగా, కుమార్తె కవిత మొదట నిజామాబాద్ ఎంపీగా, తర్వాత ఎమ్మెల్సీగా ఉన్న ఆ కాలంలో పాత్రధారుల కోసం బయట వెతకవలసిన పనే పడలేదు. ఇది కుటుంబ పాలన అని ఎవరైనా అంటే రాష్ట్రమంతా మా కుటుంబమేనన్న జవాబు వచ్చేది. ఆ లెక్కన సుమారు నాలుగు కోట్ల మంది బంధువులకు మంత్రి పదవులు ఇంకా బాకీ ఉన్నట్టే.

ఈ బంధుత్వ శాస్త్రం పూర్తిగా విప్పారింది కామారెడ్డిలో. అసెంబ్లీ ఎన్నికల్లో గజ్వేల్‌తో పాటు ఇక్కడా పోటీ చేస్తానని కేసీఆర్ 2023 ఆగస్టు 21న ప్రకటించారు. ఒక అభ్యర్థి రెండు స్థానాల్లో నిలబడడానికి, రెండూ గెలిస్తే ఒకటి వదులుకోవడానికి 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం వీలిస్తుంది. వదిలేసేది ఏదో ఓటరుకు ముందే చెప్పాలని మాత్రం అనదు. ఆ సందేహాన్ని మరిపించడానికి చుట్టరికం పనికివచ్చింది. బీబీపేట మండలంలోని కోనాపూర్ కేసీఆర్ తల్లి ఊరని, ఎగువ మానేరు జలాశయం కింద భూములు పోయాకే కుటుంబం చింతమడకకు తరలిందని నియోజకవర్గానికి గుర్తుచేశారు. పోటీకి దిగిన కాంగ్రెస్ నాయకుడు రేవంత్‌రెడ్డి కూడా ఒంటరిగా రాలేదు; అన్నగారు కొడంగల్‌లోనూ నిలబడినందున ఇక్కడి ప్రచారాన్ని సోదరుడు కొండల్‌రెడ్డి చూసుకున్నారు.

సిట్‌కామ్‌లో వినబడే ముందే రికార్డు చేసిన నవ్వుకూ ఒక యంత్రం ఉంది. 1950లలో చార్లెస్ డగ్లస్ అనే అమెరికన్ ఇంజినీరు తయారుచేసిన ఆ పెట్టెకు టైపురైటరుకు ఉన్నట్టు మీటలుంటాయి. ఒకటి నొక్కితే ముసిముసి నవ్వు, మరొకటి నొక్కితే పగలబడి నవ్వు, కాలి కింది పెడల్‌తో దాన్ని మెల్లగా తగ్గించడం. మన సభల్లో ఈ మీటల పనిని బస్సులు, బిర్యానీ పొట్లాలు, ముందు వరుసలో జై కొట్టేవారు చేస్తారు. కామారెడ్డిలో తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆ ఏడాది జనవరిలోనే పెట్టె తనంతట తాను మోగింది. పట్టణం రాబోయే ఏళ్లలో ఎటు పెరగాలో, ఏ నేల ఇళ్లకో, ఏది ఫ్యాక్టరీలకో నిర్ణయించే పటాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. ఇలాంటి పటాల్లో ఇండస్ట్రియల్ జోన్‌కు ఊదా రంగు వేయడం ఆనవాయితీ కాగా, తమ మక్క చేలు, వరి మళ్లు ఆ జోన్‌లోకి వెళ్తున్నాయని తెలిసి అడ్లూర్ ఎల్లారెడ్డి మొదలైన గ్రామాల రైతులు (ఇది ఎల్లారెడ్డి పట్టణం కాదు, కామారెడ్డికి దగ్గరి పల్లె) కలెక్టరేట్‌ను ముట్టడించారు. చివరికి మున్సిపల్ కౌన్సిలే ఆ ప్లాన్ వద్దని తీర్మానం చేసింది. ఆ ఉద్యమంలో ముందున్న బీజేపీ నాయకుడు కాటిపల్లి వెంకటరమణారెడ్డి డిసెంబరు 3న 66,652 ఓట్లతో గెలవగా, అప్పటి ముఖ్యమంత్రి 59,911 దగ్గర, కాబోయే ముఖ్యమంత్రి 54,916 దగ్గర ఆగిపోయారు. తల్లి ఊరి కథ కంటే పొలం మీది రంగు ఎక్కువ మందికి అర్థమైందన్నమాట.

పక్కనే ఉన్న ఎల్లారెడ్డి నియోజకవర్గానిది ఇంకో రకం హాస్యం. ధారావాహికలో పాత్ర అదే ఉంచి నటుణ్ని మార్చడం మామూలే గాని, ఇక్కడ నటుడు అలాగే ఉండి ధారావాహికనే మార్చాడు. 2018లో కాంగ్రెస్ హస్తం గుర్తు మీద గెలిచిన జాజాల సురేందర్, 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమైనప్పుడు కారెక్కారు. 2023లో ఆ కారు గుర్తు మీదే నిలబడి కాంగ్రెస్ అభ్యర్థి మదన్‌మోహన్‌రావు చేతిలో ఓడారు. 2019లో అన్యాయం జరిగిందని గగ్గోలు పెట్టిన కాంగ్రెస్, 2024లో కారు దిగివచ్చిన వారికి తానే కండువాలు కప్పింది.

పాత ధారావాహికలోని ఒక పాత్రను విడదీసి దానికి వేరే కథ నడపడాన్ని స్పిన్-ఆఫ్ అంటారు. 2025 సెప్టెంబరు 2న కవితను పార్టీ సస్పెండ్ చేయడం, మర్నాడే ఆమె పార్టీకి, ఎమ్మెల్సీ పదవికి రాజీనామా ప్రకటించడంతో ఛానళ్లకు అది కూడా సమకూరింది. అంతకు వారం కిందటే కామారెడ్డి జిల్లాలోని అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి, భిక్కనూరు-తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి, ఎల్లారెడ్డి వైపు రోడ్లు తెగి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. అన్న ఏమన్నాడు, చెల్లెలు ఎందుకు అలిగింది, బావగారు ఎందుకు మౌనంగా ఉన్నారు అన్నవి గంటల కొద్దీ తేల్చిన చర్చల్లో, ఎకరం పొలంలో ఇసుక తీయించడానికి ఎంతవుతుందో చెప్పగల పాత్రకు మాత్రం ఒక్క డైలాగూ దక్కలేదు.