టెక్సాస్ ప్లంబరు సోదరులారా, ఆరు గంటలు ఎగ్గొట్టడం ఎలా?

మన దగ్గర పైపు పానా చేతపట్టినవాడల్లా ప్లంబరే. ఒకసారి పని పట్టుబడిందా, జన్మకి సరి. టెక్సాస్‌లో ఆ సుఖం లేదు. చేయి తిరిగిన జర్నీమ్యాన్ అయినా, అంతకన్నా పైమెట్టు మాస్టర్ ప్లంబరైనా లైసెన్సు ఏటేటా రెన్యువల్ చేయించుకోవాలి, దానికి ముందు ఆరు గంటల పాఠాలు వినాలి. ఆ పాఠాలు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వినొచ్చని రాష్ట్ర ప్లంబింగ్ ఎగ్జామినర్ల బోర్డు దయతలచింది. ఆ దయని ఒక్క బొట్టు మిగలకుండా దుర్వినియోగం చేయడమే మన లక్ష్యం. డాలస్ చుట్టుపక్కల ఈ వృత్తిలో మనవాళ్ళెవరైనా ఉంటే శ్రద్ధగా చదవండి. వాళ్ళని పనికి పిలిచేవాళ్ళు మాత్రం చదవకపోతేనే మంచిది, రాత్రిళ్ళు నిద్ర పడుతుంది.

1. గడువు చివరి రోజు దాకా కోర్సు జోలికి పోకండి. ఏడాదిలో 364 రోజులు మీవి, ఒక్కటే బోర్డుది. ఆ రోజు సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే అర్ధరాత్రికి లెక్క సరిపోతుంది. ఈలోగా వైఫై పోదు, పాస్‌వర్డ్ మరిచిపోరు, ఏ కస్టమరూ ఫోన్ చెయ్యడు, ఇంట్లో ఎవరూ పిలవరు. ధైర్యంగా ఉండండి.

2. అన్నిటికన్నా చవకైన కోర్సు కొనండి. బోర్డు ఆమోదించిందా లేదా అని ఆరా తీయడం అనుమానం మనుషుల పని. సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర ఉంటే చాలు. ఫ్లోరిడా వాళ్ళ కోర్సు పది డాలర్లు తక్కువకి దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి. నీళ్ళు అక్కడా కిందికే పారతాయి.

3. టైమరుని జయించండి. ఒక్కో స్లైడు మీద ఇన్ని నిమిషాలని పెడతారు, అవి గడిచేదాకా ‘నెక్స్ట్’ బటన్ బూడిద రంగులోనే ఉంటుంది. కొన్ని కోర్సుల్లో మధ్యమధ్య ‘మీరు ఇంకా ఉన్నారా?’ అని కూడా అడుగుతారు, పెద్దమనిషిని పట్టుకుని. దీనికి మందుంది. ఒక టేబుల్ ఫ్యాను తెచ్చి, తల తిప్పే మీట నొక్కి, దాని మెడకి దారం కట్టి, రెండో కొస మౌసుకి కట్టండి. ఫ్యాను అటు తిరిగితే మౌసు అటు, ఇటు తిరిగితే ఇటు. దారం మరీ పొట్టిదైతే మౌసు కిందపడుతుంది, మరీ పొడుగైతే కదలదు, సరైన కొలత దొరికేదాకా ఓపిక పట్టాలి. బటన్ మీద తనంతట తానే నొక్కే ఏర్పాటుకి ఇంకాస్త బుర్ర పెట్టాలి. మొత్తానికి ఒక శనివారం, ఒక ఆదివారం పడతాయి. ఆరు గంటలు మిగుల్చుకోవడానికి ఆ మాత్రం పెట్టుబడి తప్పదు.

4. అంత చేతిపని మీవల్ల కాకపోతే బావమరిదిని వాడుకోండి. దేవుడు బావమరుదుల్ని ఇందుకే పుట్టించాడు. వేసవిలో డాలస్‌లో రాత్రి తొమ్మిదైతే హైదరాబాదులో పొద్దున్న ఏడున్నర, కుర్రాడు అప్పుడే లేచి టీ తాగుతుంటాడు. స్క్రీను అతని చేతికిచ్చి మీరు పడుకోండి. అతను బీకాం, కానీ నీరు పల్లమెరుగునన్న సంగతి అతనికీ తెలుసు. మురుగు గొట్టానికి వాలు ఎంతుండాలని ప్రశ్న వస్తే ‘ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అని కొట్టేస్తాడు. రెండంగుళాల గొట్టానికి అడుగుకి పావు అంగుళమని ప్లంబింగ్ కోడ్ అంటుంది, మరీ నిటారుగా పెడితే నీళ్ళు ముందే జారిపోయి గట్టివన్నీ గొట్టంలో కూర్చుంటాయని పాఠం చెప్పే ఆయన హెచ్చరిస్తాడు. బావమరిది దాకా రాని విషయం మీ దాకా ఎందుకొస్తుంది?

5. ప్రమాదాల కథ మొదలుకాగానే సౌండు తీసేయండి. టెక్సాస్‌లో గ్యాస్ పాఠమంటే అక్కడి న్యూ లండన్ ఊరి బడి కథ ఎత్తుతారు. 1937లో ఆ బడి పెద్దలు గ్యాస్ ఖర్చు తగ్గించుకుందామని డబ్బు కట్టే కనెక్షన్ మానేసి, చమురు బావుల దగ్గర ఎవరికీ అక్కర్లేకుండా పోయే గ్యాస్ గొట్టానికి బడి లైను కలిపించారు. ఊళ్ళో చాలామంది అదే చేసేవారు, కంపెనీలు చూసీ చూడనట్టు ఊరుకునేవి. ఆ గ్యాస్‌కి వాసన లేదు. ఎక్కడో లీకై నేల అడుగున పేరుకున్నా ఒక్క ముక్కూ పసిగట్టలేదు. మార్చి 18 మధ్యాహ్నం వర్క్‌షాపులో చెక్క నునుపు చేసే సాండర్ ఆన్ చేశారు, నిప్పురవ్వకి బడి పేలిపోయింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. గ్యాస్‌లో కుళ్ళు వాసన కలిపి తీరాలని రాష్ట్రం చట్టం చేసింది ఆ తర్వాతే. ప్లంబర్లకి లైసెన్సు చట్టం 1947లో వచ్చింది.

భోజనం వేళ వినే మాటలేనా ఇవి? క్విజ్‌లో ‘ఏ సంవత్సరం?’ అని అడుగుతారు, 1937 మీద నొక్కండి. కొత్త గ్యాస్ లైనుకి గాలి పట్టించి గేజీ ముందు ఎందుకు కూర్చోవాలో మాత్రం గుర్తుపెట్టుకోకండి. అదొకటి గుర్తుంటే ప్రతి ఇంట్లోనూ టెస్టు చేయాలనిపిస్తుంది, సాయంత్రం ఆలస్యమవుతుంది.

బ్యాక్‌ఫ్లో పాఠమూ అంతే. 1969లో మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో దాదాపు అందరికీ హెపటైటిస్ సోకింది. దగ్గర్లో నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్ళు లాగారు, గొట్టాల్లో ఒత్తిడి పడిపోయి మైదానంలోని స్ప్రింక్లర్ గుంటలో ఉన్న మురికినీళ్ళు తాగే లైనులోకి పీల్చుకుపోయాయి. ఆ ఏడు వాళ్ళ మిగతా ఆటలన్నీ రద్దు. మీరు పెరట్లో కుళాయికి నీళ్ళు వెనక్కి పీల్చుకోకుండా ఆపే వాక్యూమ్ బ్రేకర్ పెట్టమంటే కస్టమరు ఖర్చంటాడు. ‘అవునండీ, అనవసరం’ అనండి. కస్టమరు మాట కాదనకపోవడమే వ్యాపార రహస్యం.

6. వాటర్ హీటరు పక్కన గొట్టం కారుతుంటే డమ్మీ బిగించండి. ఇది మా చిట్కాల్లో మణిపూస, కాస్త వివరంగా చెప్తాను. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఒక తెలుగిల్లు, అటక మీద 50 గ్యాలన్ల హీటరు. దానికో ఇత్తడి వాల్వు, దాని నెత్తిన చిన్న మీట, అక్కణ్ణుంచి కిందికి రాగి గొట్టం. గొట్టం కొస నుంచి చుక్క, చుక్క. ‘అన్నయ్యగారూ, సీలింగు మీద మచ్చ పడిందండీ, మొన్ననే రంగులేయించాం’ అంటుంది ఇంటావిడ. ‘ఐదు నిమిషాల పనమ్మా’ అనండి.

నీళ్ళు 210 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరినా, ఒత్తిడి 150 పీఎస్ఐకి చేరినా తెరుచుకోవడమే ఆ వాల్వు బతుకు. అది కారుతోందంటే లోపల ఒత్తిడి ఎందుకు పెరుగుతోందో చూడాలి, మీటరు దగ్గర చెక్ వాల్వు ఉండి ఉబ్బిన నీళ్ళకి వెనక్కి పోయే దారి మూసుకుపోయిందేమో, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టాలేమో. ఇదంతా కోర్సులో చెప్పారు. అప్పుడు వింటున్నది ఫ్యాను.

కాబట్టి ముప్పావు అంగుళం డమ్మీకి టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి గొట్టం కొసకి బిగించండి. చుక్క ఆగింది. ఆవిడ ఫిల్టర్ కాఫీ ఇస్తుంది, మొహమాటపడకండి. తర్వాతెప్పుడో థర్మోస్టాట్ మొరాయించి, నీళ్ళు మరుగు దాటి కాగి, ట్యాంకు చిట్లిన రోజున, ఆవిరయ్యే ప్రతి బొట్టూ 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. హీటరు కప్పు చీల్చుకుని ఆకాశమార్గం పడుతుంది. అప్పటికి మీరు ప్లేనోలో ఇంకొకరింట్లో కాఫీ తాగుతుంటారు. గమనించండి, గొట్టం మాత్రం మళ్ళీ కారలేదు. మీ గ్యారంటీ నిలబడింది.

7. సింకు కింద వంకర గొట్టం దండగ. అందులో కనీసం రెండంగుళాల నీళ్ళు నిలిచి మురుగు గాలిని ఆపుతాయట. తిన్నగా కలిపేస్తే ఫిట్టింగులు రెండు మిగులుతాయి. 2003లో హాంకాంగ్‌లోని ఆమోయ్ గార్డెన్స్‌లో 300 మందికి పైగా సార్స్ సోకడానికి నేల జాలీల కింది ఇలాంటి వంకర గొట్టాల్లో నీళ్ళు ఎండిపోవడమూ ఒక కారణమని దర్యాప్తులో తేలింది. హాంకాంగ్ ఎక్కడ, ఇర్వింగ్ ఎక్కడ!

8. పాత ఇత్తడి స్టాకు పారేయకండి. తాగేనీటి ఫిట్టింగుల్లో నీరు తగిలే భాగాల్లో సీసం సగటున 0.25 శాతం మించకూడదని 2014 జనవరి 4 నుంచి దేశమంతటా అమలు. నీళ్ళలో కలిసిన సీసానికి రంగూ రుచీ ఉండవు, ఇంక ఫిర్యాదు ఎవరు చేస్తారు?

9. సాకులు ముందే సిద్ధం చేసుకోండి, అప్పటికప్పుడు పుట్టిస్తే తేడా తెలిసిపోతుంది. ‘మెయిల్ స్పామ్‌లో పడింది’ అన్నది పాతబడింది. ‘కోర్సు చేశాను, సర్టిఫికెట్ కుక్క నమిలింది’ అన్నది ఆన్‌లైన్‌కి అతకదు, అయినా అనేవాళ్ళున్నారు. ‘ఇండియాలో పెళ్ళి’ ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ ఒకే చెల్లెలికి మూడుసార్లు చేయకండి.

10. ఇన్ని చేసినా లైసెన్సు గడువు దాటిపోతే కంగారు వద్దు. ఆలస్య రుసుము ఉంది, తొందరేముంది, ఇంకా దాటనివ్వండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో రాష్ట్రమంతా పైపులు పగిలి ప్లంబర్లు దొరక్కపోతే గవర్నరే నిబంధనలు సడలించి బయటి రాష్ట్రాలవాళ్ళని రానిచ్చారు. అలాంటి తుఫాను ఇంకొకటి రావాలని ప్రతి శీతాకాలం మొక్కుకోండి. ఈలోగా పనులు ఆపకండి, బండి మీద లైసెన్సు నంబరు దగ్గర కాస్త బురద పూయండి.

రెండేళ్ళు నిండాయా? విజయం మీదే. ఇక రెన్యువల్ బెడద శాశ్వతంగా లేదు, కొత్తవాడిలా మళ్ళీ పరీక్షకి దరఖాస్తు పెట్టుకోవడమే. పరీక్ష తేదీ వచ్చాక కోడ్ పుస్తకం కొనండి, అదీ దళసరి అట్టది. తెరవకండి, నలుగుతుంది. ట్రక్కు డ్యాష్‌బోర్డు మీద పేరు బయటికి కనిపించేలా పెట్టండి, కస్టమర్లకి గురి కుదురుతుంది.